గడ్డ మీది తండ్రికి: బిడ్డను ఒడ్డు దాటించే ఖర్చు ఎక్కడ తగ్గుతుంది

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో గడ్డ మీది ఊరు. భార్య పోయి రెండేళ్లు, ఇంట్లో ముసలి తల్లి. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, రోజూ ఒడ్డు దాటి హైస్కూల్‌కు పోతుంది. నడిపోడు ఊళ్లోనే నాలుగో తరగతి. చిన్నోడికి ఆరేళ్లు, పుట్టినప్పటి నుంచి కాళ్లు బిగుసుకుని ఉంటాయి, వారానికోసారి మహబూబ్‌నగర్‌కు ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నావు. నది దాటించే పుట్టి పడవకు, ఆటోకు, బస్సుకు పైసలు పోవడమే కాక ఆ రోజు కూలి కూడా పోతోంది. "పథకాలన్నీ ఆడవాళ్లకే ఉన్నాయి, పిల్లల్ని ఒంటరిగా చూసుకునే మగవాడికి దారిఖర్చుల సాయం ఏమైనా ఉందా సార్?" అని అడిగావు.

నేను కృష్ణ ఒడ్డు ఊళ్ల బడుల్లో ఇరవై రెండేళ్లు పనిచేసి హెడ్మాస్టర్‌గా రిటైర్ అయ్యాను. గడ్డల మీది పిల్లలు నా బడికి పుట్టిలోనే వచ్చేవాళ్లు. ఆ అనుభవంతో చెప్తున్నాను. తండ్రులకు అని పేరు పెట్టి దారిఖర్చు ఇచ్చే పథకం ఏదీ లేదు. కానీ నువ్వు అడగాల్సింది నీ పేరు మీద కాదు, బిడ్డ పేరు మీద. బిడ్డ చదువుకు, బిడ్డ వైద్యానికి దారిఖర్చు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. బిడ్డ వెంట వచ్చే మనిషి తల్లా, తండ్రా, తాతా అని ఆ కాగితాల్లో ఎక్కడా తేడా లేదు. ఆఫీసుకు పోయి "నాకేమైనా ఉందా?" అంటే లేదనే అంటారు. "నా కొడుక్కు రావాల్సింది ఎట్లా తీసుకోవాలి?" అని అడిగితే ఫైలు తీస్తారు. ఇది నేను కళ్లారా చూసిన మాట.

చిన్నోడితో మొదలుపెడతాను, నీ ఖర్చులో పెద్ద భాగం వాడి ప్రయాణమే కాబట్టి. వాడిని ఊరి బడిలో ఒకటో తరగతిలో చేర్పించావా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. నడవలేడు కదా, బడికి ఎందుకులే అని చాలామంది తండ్రులు ఊరుకుంటారు. అక్కడే సగం సాయం ఆగిపోతుంది. బడి రిజిస్టర్‌లో పేరు ఉంటేనే వాడు ప్రత్యేక అవసరాల పిల్లల జాబితాలోకి ఎక్కుతాడు. ఆ జాబితాలో ఉంటేనే భవిత కేంద్రానికి వస్తాడు.

భవిత కేంద్రం అంటే సమగ్ర శిక్ష అనే సర్కారు బడి చదువుల పథకం కింద నడిచేది. మండల కేంద్రాల్లో, మామూలుగా ఏదో ఒక సర్కారు బడి ఆవరణలోనే ఒక గదిలో ఉంటుంది. అక్కడ ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్ట్ వారంలో ఒక రోజు వస్తారు, ఒక్క రూపాయి తీసుకోరు. నువ్వు మహబూబ్‌నగర్ దాకా పోతున్న పనిలో చాలా భాగం గద్వాలలోనే జరిగే వీలుంది. అంతేకాదు, అక్కడికి వచ్చే పిల్లలకు రవాణా భత్యం ఉంది, వాళ్లను తీసుకొచ్చే మనిషికి ఎస్కార్ట్ భత్యం ఉంది. హాజరును బట్టి ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అసలు రాలేని పిల్లల కోసం టీచరే ఇంటికి వచ్చి నేర్పే పద్ధతి కూడా ఉంది. గడ్డ మీది ఊరు అని చెప్పి, వానాకాలం నెలలకైనా అది పెట్టమని అడుగు.

ఎవరైనా "ఎస్కార్ట్‌కు మేమెందుకిస్తాం" అని అడ్డం తిరిగితే ఒక్క మాట గుర్తుపెట్టుకో. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో, పిల్లలకే కాదు, ఎక్కువ సాయం అవసరమైన పిల్లల వెంట వచ్చే మనిషికి కూడా రవాణా సౌకర్యం కల్పించాలని రాసి ఉంది. గొడవ పడమని కాదు. దరఖాస్తులో ఆ సెక్షన్ నంబర్ రాయి, అది చాలు.

మహబూబ్‌నగర్ డాక్టర్‌ను మాత్రం పూర్తిగా వదలొద్దు. ఈసారి పోయినప్పుడు, "సార్, మాది నది మధ్య ఊరు. గద్వాలలో ఫిజియో దొరికితే మీ దగ్గరికి నెలకోసారి వస్తే సరిపోతుందా? ఇంట్లో నేను చేయించాల్సినవి చేసి చూపించండి" అని అడుగు. కాగితం మీద రాయించుకో, ఫోన్‌లో వీడియో తీసుకో. నా బడికి వచ్చే ఒక పాప తండ్రి ఇట్లాగే నేర్చుకున్నాడు. పొద్దున రేవు దగ్గర పుట్టి కోసం ఎదురుచూస్తూ, ఇసుక మీద దుప్పటి పరిచి, పాప మడమ ఒక అరచేతిలో పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు మెల్లగా చాపుతూ ముప్పై దాకా లెక్కపెట్టేవాడు. పాప కూడా ఆయనతో పాటు గట్టిగా లెక్కపెట్టేది. ఆ పిల్ల అంకెలు నేర్చుకున్నది అక్కడే. గదిలో చేసే ఫిజియోథెరపీ ఎంత ముఖ్యమో తండ్రి చేతుల్లో రోజూ జరిగేది కూడా అంతే ముఖ్యం అని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

ఇక వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే సర్టిఫికెట్. ఇదివరకు సదరం అనేవాళ్లు, 2025 నుంచి దాని బదులు యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టుకుని, చెప్పిన రోజు పిల్లాణ్ణి ఆస్పత్రి క్యాంపుకు తీసుకెళ్లాలి. నలభై శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు వస్తే దివ్యాంగుల పింఛన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. దానికి వయసు అడ్డం కాదు, ఆరేళ్ల పిల్లాడికైనా ఇస్తారు. 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. మంజూరు కావడానికి టైం పడుతుంది, దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయకు. కానీ అది వచ్చిందంటే నీ దారిఖర్చుల టెన్షన్ చాలావరకు తీరినట్టే.

అదే సర్టిఫికెట్‌తో ఆర్టీసీలో సగం చార్జీ రాయితీ ఉంది. అయితే ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఎట్లాగూ అర టికెట్టే కాబట్టి ఇప్పుడు బస్సులో నీకు పెద్దగా కలిసిరాదు. నీ టికెట్ తగ్గేది రైల్లో. తోడు లేకుండా ప్రయాణం చేయలేని దివ్యాంగులకు రైల్వే రెండో తరగతిలో, స్లీపర్‌లో 75 శాతం తగ్గిస్తుంది, వెంట ఉన్న ఒక మనిషికి కూడా అంతే తగ్గిస్తుంది. దానికి రైల్వే వాళ్ల నమూనాలోనే డాక్టర్ సంతకం చేసిన ఫారం కావాలి. "తోడు లేకుండా ప్రయాణం చేయలేరు" అనే మాట అందులో ఉండాలి, సంతకం పెట్టించుకునేటప్పుడే చూసుకో. ఆ రాయితీ చేతికి రాకముందు కూడా గద్వాల నుంచి మహబూబ్‌నగర్‌కు రైలు మేలు. కాచిగూడ, రాయచూర్ మధ్య తిరిగే డెమూ ప్యాసింజర్ రైలు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే పోతుంది. ప్యాసింజర్ టికెట్ బస్సు టికెట్‌లో సగం కూడా ఉండదు. పైగా పిల్లాడిని సీటు మీద పడుకోబెట్టొచ్చు. ఆస్పత్రిలో నీకు ఇచ్చే టైం రైలుకు సరిపోయేట్టు మార్చమని అడుగు. అడిగితే మారుస్తారు, మనమే అడగం.

ఇప్పుడు పెద్దమ్మాయి సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

ఒకటి నుంచి పదో తరగతి దాకా, ఇంటికి తగినంత దగ్గరలో బడి లేని పిల్లలకు సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది. పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. బడి నుంచి పేర్ల జాబితా మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు, అక్కడి నుంచి జిల్లాకు పోతుంది. నేను కొత్తగా హెడ్మాస్టర్ అయిన సంవత్సరం ఆ జాబితా ఆలస్యంగా పంపాను. అడ్మిషన్ల హడావుడిలో తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ ఏడాది గడ్డ మీది పిల్లల్లో ఒక్కరికీ డబ్బు రాలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక తండ్రి వచ్చి నా టేబుల్ మీద వంద పేజీల నోట్‌బుక్ పెట్టాడు. తడిసి ఆరిన అట్ట. లోపల ప్రతి వరుసలో తేదీ, దాని ఎదురుగా "పుట్టి", "ఆటో", వాటి పక్కన అంకెలు. జూన్ నుంచి ఒక్క రోజు కూడా వదల్లేదు. ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. "సార్, వచ్చే ఏడాదికి ఇది పనికొస్తదేమో చూడండి" అన్నాడు. ఆ నోట్‌బుక్ జిరాక్స్ తీయించి మరుసటి జూన్‌లో దరఖాస్తుకు జతచేశాను. ఆ ఏడాది అందరికీ వచ్చింది.

అందుకే నీకు చెప్పేది: నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టు. ప్రతి ప్రయాణం రాయి. జూన్ 12న బడి తెరిచిన మొదటి వారంలోనే హెడ్మాస్టర్‌ను కలిసి, అమ్మాయి పేరు జాబితాలో ఉందా అని కళ్లతో చూసుకో. ఈ ఏడాది గడువు దాటిపోయినా సరే, ఇప్పుడే దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం తీసుకో. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో కూడా చూడు, మంజూరైన డబ్బు అక్కడ ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు.

ఒక అడ్డంకి వస్తుంది, ముందే చెప్తున్నాను. "మీ ఊరి నుంచి హైస్కూల్ మూడు కిలోమీటర్ల లోపే కదా, మీకు వర్తించదు" అంటారు. మ్యాప్‌లో గీత గీస్తే అట్లాగే కనిపిస్తుంది. కానీ మధ్యలో ఉన్నది నది. విద్యాహక్కు చట్టం నిబంధనల్లో వరద, దారి లేకపోవడం, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్న చోట ఆ దూరం లెక్కను తగ్గించాలని ఉంది. కిలోమీటర్లు రాయకుండా "నది దాటాలి, దారి లేదు, పుట్టి ఒక్కటే ఆధారం" అని రాయి. కిలోమీటర్ల గురించి వాదిస్తే ఓడిపోతావు.

తల్లి లేని ఆడపిల్ల కాబట్టి కస్తూర్బా విద్యాలయంలో అమ్మాయికి సీటు సులువుగా దొరికే వీలుంది. అక్కడే ఉండి చదువుకుంటే రోజూ దాటే పనే ఉండదు. కానీ ఖర్చు తగ్గుతుందని పంపొద్దు. అమ్మ పోయిన పిల్ల, తమ్ముళ్లను వదిలి ఉండగలదా లేదా తననే అడుగు. తను ఉంటానంటేనే పంపు.

పథకాలన్నీ ఆడవాళ్లకే అన్నావు కదా, దాన్ని కూడా మీ ఇంటికి పనికొచ్చేట్టు చూడొచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. నీ తల్లి ఆరేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుని తిరగలేదు, ఆ పని నీదే. కానీ మందులు తేవడం, రిపోర్టులు తీసుకోవడం, మీసేవలో కాగితం ఇచ్చి రావడం, ఇట్లాంటివి ఆమె చేయగలిగితే ఆమెనే పంపు. నీ టికెట్ మిగలడం చిన్న సంగతి, నీ కూలి మిగలడం పెద్ద సంగతి. రేపు నడిపోడు ఒడ్డు దాటి బడికి పోవాల్సి వస్తే, పన్నెండేళ్ల దాకా మగపిల్లలకు కూడా ఆర్టీసీలో ఉచిత విద్యార్థి పాస్ ఉంది, అక్కడ చదువుతున్నట్టు బడిలో బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని డిపోలో ఇవ్వాలి.

ఇదంతా బస్సు, రైలు సంగతి. నీ లెక్క జాగ్రత్తగా చూస్తే ఖర్చు ఎక్కువయ్యేది ఆ రెండింటిలో కాదు. నీ ఇంటి నుంచి రోడ్డెక్కే దాకా, అంటే పుట్టి, దాని తర్వాత రేవు నుంచి రోడ్డు దాకా ఆటో. ఏ పథకమూ చూడని ముక్క అదే. దాన్ని మాత్రం మీ ఊరి తండ్రులు కలిసి కూర్చుంటేనే తగ్గించగలరు.

గడ్డ మీద మా బడికి వచ్చే పిల్లల ఇళ్లు తొమ్మిది ఉండేవి. మనిషికి ఇంత అని రోజూ ఇస్తుంటే పుట్టి నడిపే అతనికీ తృప్తి లేదు, వీళ్లకూ భారం. ఒక ఆదివారం తొమ్మిది మంది అతని ఇంటి ముందు కూర్చున్నారు, నేనూ ఉన్నాను. అతనన్న మాట: "మీరు ఎప్పుడొస్తారో తెల్వదు. ఒక్కరి కోసం నీళ్లలో దిగాలంటే నాకేం గిట్టుబాటు?" అది నిజమే. పొద్దున ఒక టైం, సాయంత్రం ఒక టైం ఖాయం చేశారు. బడి పిల్లలకు, ఆస్పత్రికి పోయేవాళ్లకు రోజువారీ పైసలు లేవు, దానికి బదులు ప్రతి ఇల్లు వరి కోతల తర్వాత ఇన్ని బస్తాలు అని ఏడాది లెక్క మాట్లాడుకున్నారు. అతనికి ఇంటికి గింజలు దొరికాయి, వీళ్లకు చేతిలో రొక్కం లేని రోజుల్లో పిల్లలు బడి మానడం ఆగింది. మీ ఊళ్లో ధాన్యం కాకపోతే నెల జీతంలాగా మాట్లాడుకోండి. ముఖ్యమైనది టైం ఖాయం కావడం.

ఆటోకు కూడా అదే దారి. రేవు నుంచి ఆటో స్పెషల్‌గా పిలిస్తే మోపెడవుతుంది. మీ ఒడ్డుకు పొద్దున పాల క్యాన్ల కోసం ఆటో వస్తుంటుంది, గద్వాలకు పోయే కూరగాయల ఆటో వస్తుంటుంది. అతనితో వారంలో ఫలానా రోజు నేనూ, పిల్లాడూ వస్తామని ముందే మాట్లాడుకుంటే చాలా తక్కువకు తీసుకెళ్తాడు. పిల్లాణ్ణి ముందు సీట్లో ఒడిలో పెట్టుకుని కూర్చో, క్యాన్ల మధ్య మాత్రం కూర్చోబెట్టొద్దు.

పుట్టి విషయంలో ఖర్చు తగ్గించుకోవద్దని చెప్పే చోటు ఒకటి ఉంది. పుట్టి అంటే వెదురు అల్లిక, కింద పట్టా, అంతే. నీళ్ల పైన దాని అంచు జానెడు ఎత్తు కూడా మిగలకుండా మనుషుల్ని ఎక్కిస్తుంటే దిగిపో. ఇంకో విడతకు డబ్బు ఎక్కువైనా సరే. 2020 ఆగస్టులో మక్తల్ దిక్కున పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణలో పుట్టి మునిగి మనుషులు గల్లంతయ్యారు. నీ చిన్నోడు కాళ్లు ఆడించలేడు. వాడికి లైఫ్ జాకెట్ లేకుండా నీళ్ల మీదికి తీసుకుపోవద్దు. పిల్లల సైజు జాకెట్లు కావాలని ఊరంతా కలిసి కలెక్టర్ ఆఫీసులో సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అడగండి. గుర్రంగడ్డ లాంటి ఊళ్లకు వంతెన మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అది అయ్యేలోపు జాకెట్లు, ఒక మర పడవ అడగడం మీ హక్కు. ఒక్కడివే పోతే నీ కాగితం కట్టలో కలిసిపోతుంది, పదిమంది తండ్రులు పిల్లల పేర్లు, తరగతులు రాసి సంతకాలు పెట్టి పోతే దానికో నంబర్ పడుతుంది. ఆ నంబర్ జాగ్రత్త పెట్టుకో.

జూరాల గేట్లు ఎత్తాక లెక్క మారిపోతుంది. జులై నుంచి అక్టోబర్ దాకా ఏ వారం దారి ఉంటుందో ఏ వారం ఉండదో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ నెలలకు చిన్నోడి మందులు నెలకు సరిపడా ముందే ఇమ్మని డాక్టర్‌ను అడుగు. అమ్మాయికి ఒడ్డు మీద మేనత్త ఇల్లో, అమ్మమ్మ ఇల్లో ఉంటే ఆ రోజులు అక్కడ పెట్టు. ఎవరూ లేకపోతే సంక్షేమ హాస్టల్ గురించి జూన్‌లోనే మాట్లాడు, వరద వచ్చాక సీటు దొరకదు.

రాత్రిపూట పిల్లాడికి బాగాలేకపోతే పుట్టి ఎక్కకముందే 108కి ఫోన్ చెయ్యి, ఒడ్డు చేరాక కాదు. ఏ రేవు, పక్కన ఏ గుడి, ఏ బోరు, ఇట్లా గుర్తు చెప్పు. నువ్వు దాటే టైంలో బండి దారిలో ఉంటుంది. మీ ఊళ్లో గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలున్న తండ్రులకు కూడా ఒక మాట చెప్పు: సర్కారు దవాఖానాకు పోవడానికి, అక్కడి నుంచి పెద్ద దవాఖానాకు, మళ్లీ ఇంటికి రావడానికి బండి ఉచితం. జబ్బు పడిన ఏడాది లోపు పిల్లలకు కూడా అది వర్తిస్తుంది, 102కి చేయాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జ్ రోజున దారి చార్జీ అడగాలి, ప్యాకేజీలోనే ఉంటుంది.

మొదట చేయాల్సింది ఇది. ఊరి బడికి పోయి చిన్నోడి పేరు ఒకటో తరగతిలో రాయించు, అడ్మిషన్ నంబర్ తీసుకో. అది పట్టుకుని గద్వాలలో ఎంఈఓ ఆఫీసుకు పోయి భవిత కేంద్రం ఏ బడిలో ఉందో, ఫిజియో ఏ రోజు వస్తారో కనుక్కో. ఆ రోజు నువ్వు ఒక్కడివే పో, పిల్లాణ్ణి తిప్పకు. అదే ప్రయాణంలో మీసేవలో యూడీఐడీ దరఖాస్తు ఎట్లా పెట్టాలో కూడా అడిగి రా. ఫిజియో వచ్చే రోజు తెలిశాక నాకు రాయి, ఆ రోజుకు సరిపోయేట్టు పుట్టి టైం, ఆటో, బస్సు ఎట్లా కలపాలో ఇద్దరం కలిసి చూద్దాం.